ప్యాలెట్ చెక్క మీది ముద్ర కథ



మన సంఘంలో ఒకాయన పాత ప్యాలెట్ చెక్కలు కొని, మేడ మీద మొక్కలకు స్టాండు చేయించుకున్నారు. చెక్క మీద కాల్చి వేసిన ముద్ర చూపించి ఇదేమిటండీ అని అడిగారు. గోధుమ కంకిలాంటి బొమ్మ, పక్కన ఐ.ఎన్., ఒక నెంబరు, హెచ్.టి. అన్న అక్షరాలు. ఒక్క మాటలో చెప్పేది కాదు కాబట్టి ఇక్కడ రాస్తున్నాను.

రైల్వే గూడ్స్ గుమాస్తాగా నేను రోజూ అడిగింది మూడే: సరుకేమిటి, బరువెంత, ఎక్కడికి? పెట్టె ఏ చెక్కతో చేశారని ఒక్కసారీ అడగలేదు. ప్రపంచం కూడా చాలాకాలం అడగలేదు. మొక్కల తెగుళ్ళు దేశాలు దాటకుండా 1951లోనే అంతర్జాతీయ ఒప్పందం కుదిరింది. మన దేశంలో అయితే 1914 నుంచే చట్టం ఉంది. అయినా అందరి కళ్ళూ సరుకు మీదే ఉండేవి.

1996లో న్యూయార్క్‌లోని బ్రూక్లిన్‌లో వీధి చెట్లు ఎండిపోతుంటే చూశారు. నల్లటి ఒంటి మీద తెల్ల చుక్కలు, పొడుగాటి మీసాలు ఉన్న ఆసియా పురుగు అది. పిల్ల పురుగుగా చెక్క లోపలే పెరుగుతుంది, అలాగే ప్యాకింగ్ చెక్కల్లో ఓడెక్కి వచ్చింది. తర్వాత చికాగోలోనూ కనిపించింది. వేల చెట్లు కొట్టేశారు. 1998 చివర్లో అమెరికా, చైనా నుంచి వచ్చే ప్యాకింగ్ చెక్కకు శుద్ధి తప్పనిసరి చేసింది. 1999లో పోర్చుగల్ పైన్ చెట్లలో, జపాన్ అడవుల్ని అంతకుముందే నాశనం చేసిన సూక్ష్మమైన నులిపురుగు బయటపడింది.

దేశానికో రూలు పెడితే వ్యాపారం సాగదు. అందుకని 2002లో అందరికీ ఒకే ప్రమాణం తెచ్చారు. దాని పేరు ఐ.ఎస్.పి.ఎం. 15. చెక్క నడిబొడ్డు దాకా 56 డిగ్రీల వేడి ఏకధాటిగా 30 నిమిషాలు తగలాలి. హెచ్.టి. అంటే అదే. లేదా మిథైల్ బ్రోమైడ్ పొగ పెట్టాలి, దానికి ఎం.బి. అని వేస్తారు. ఐ.ఎన్. అంటే ఇండియా. నెంబరు శుద్ధి చేసినవారిది.

కాగితం సర్టిఫికెట్ చాలదా అంటే చాలదు. ప్యాలెట్ ఒక చోట పుడుతుంది, ఇంకో చోట రిపేరవుతుంది, మూడో దేశంలో మళ్ళీ వాడతారు. దాని ఊరేదో ఎవరికీ తెలియదు. అందుకే సాక్ష్యం చెక్క మీదే ఉండాలన్నారు.

ఇది మనకు దూరపు సంగతి కాదు. దేశంలో మొదటి ఇన్‌లాండ్ కంటైనర్ డిపోను 1981లో రైల్వే పెట్టింది మన బెంగళూరులోనే. ఇప్పుడు కె.ఆర్.పురం నుంచి హూడి దాటితే వైట్‌ఫీల్డ్ డిపో. అక్కడినుంచి పెట్టెలు రైల్లో చెన్నై రేవుకు పోతాయి.

నాకు తెలిసిన ఒక చిన్న షెడ్డు యజమాని ముద్ర ఉన్న పెట్టెకే, విరిగిన చోట మామూలు పలక ఒకటి కొట్టించాడు. అవతలి రేవులో ఆ పలక దొరికింది. సరుకు మొత్తం వెనక్కి వచ్చింది. పలక ఖరీదు టీ డబ్బులంత, నష్టం ఏడాది సంపాదన. పెద్ద దేశాల రూలు చిన్నవాడి నెత్తిన పడిందని బాధపడ్డాడు. ఆ బాధ నిజమే. వేడి చేసే గది పెట్టుకునే స్తోమత అందరికీ లేదు. కానీ 2003 నాటి మన క్వారంటైన్ ఆర్డర్ ప్రకారం మన రేవులకొచ్చే చెక్క పెట్టెలకూ ఈ శుద్ధి ఉండాలి. అది మన చెట్లకు కాపలా.

పాత ప్యాలెట్లు కొనేవారికి ఒక మాట. హెచ్.టి. ఉంటే తీసుకోండి. ఎం.బి. ఉన్నది, ఏ ముద్రా లేనిది పొయ్యిలోకి గానీ పిల్లల మంచానికి గానీ నేనైతే వాడను. ముద్ర ఉన్నా, మీద నూనె, మందుల మరకలు ఉంటే వదిలేయండి.

ఈ పనిలో ఉన్నవారు మన సంఘంలో ఉంటే కింద రాయండి, నేనూ నేర్చుకుంటాను.