పీటలు మార్చి చూస్తే

"మీరు తెలుగు భలే మాట్లాడతారండీ!"

గోదావరి జిల్లాల్లో పుట్టి పెరిగిన ముసల్మానుల్లో ఈ మాట వినని మనిషి అరుదు. అనేవాళ్లు చెడ్డవాళ్లు కారు. మెచ్చుకోవాలనే అంటారు. కాకినాడ బస్సులో పక్క సీటాయన అంటాడు. పెళ్లి భోజనాల్లో పెద్దావిడ అంటుంది. ఆఫీసులో కొత్తగా చేరిన కుర్రాడు అంటాడు. మా తాతలు ఈ మట్టిలోనే కలిశారు. మా నానీ జోలపాట ఉర్దూలో పాడినా, మేకను అదిలించడం, చేపలావిడతో బేరమాడటం, కోపమొస్తే శాపనార్థాలు పెట్టడం అంతా తెలుగులోనే. అయినా మా తెలుగు ఎక్కడో నేర్చుకొచ్చిన తెలుగట! మేం ఎక్కణ్నుంచో వచ్చినవాళ్లమట! ఆ మెచ్చుకోలు వెనక దాగున్న మాట అదే.

ఒకసారి మేం జవాబు మార్చాం. "మీరూ బాగానే మాట్లాడుతున్నారండీ" అన్నాం. ఎదుటాయన ముందు నవ్వాడు. తర్వాత ఆ నవ్వు సగంలో ఆగింది. "నాకేంటండీ, నేను తెలుగువాణ్ణే కదా" అన్నాడు. "మేమూ అంతేనండీ" అన్నాం. లౌకికవాదం మీద పది సభలు పెట్టినా రాని ఎరుక ఆయనకు ఆ అరనిమిషంలో వచ్చింది. మాట అదే. పీటలు మారాయి, అంతే.

సాహిత్యంలో ఇలా పీటలు మార్చి చూపించడం ఒక పాత విద్య. ఎక్కువవాడి చోట తక్కువవాణ్ణి, తక్కువవాడి చోట ఎక్కువవాణ్ణి కూర్చోబెట్టి కథ నడిపిస్తారు. అప్పటిదాకా సహజం అనుకున్నదంతా అన్యాయంగా కనబడటం మొదలెడుతుంది. ఈ విద్య మాకు ఇంగ్లండు నుంచే రానక్కర్లేదు. మన రాజమండ్రిలో నూరేళ్లు దాటిన చరిత్ర ఉంది దానికి.

కందుకూరి వీరేశలింగం (1848-1919) అంటే 1881 డిసెంబరులో రాజమండ్రిలో జరిగిన తొలి వితంతు వివాహం గుర్తొస్తుంది. 'రాజశేఖర చరిత్రము' గుర్తొస్తుంది. 'సత్యరాజా పూర్వదేశ యాత్రలు' అంతగా గుర్తు రాదు. స్విఫ్ట్ 1726లో అచ్చు వేసిన గలివర్ యాత్రల పోకడలో, 1890లలో రాసిన పుస్తకం అది. అందులో మొదటి యాత్ర ఆడుమళయాళానికి. మన జానపద కథల్లో ఆడవాళ్లు ఏలే రాజ్యం పేరది. పంతులుగారు ఆ పాత పేరు తీసుకుని కొత్త పని చేయించారు. అక్కడ చదువులు ఆడవాళ్లవి, పెత్తనం ఆడవాళ్లది. మగవాళ్లు ఇంటిపట్టున పడి ఉండాలి. మనవాళ్లు పాతివ్రత్యం అని దేన్ని పొగుడుతారో, అక్కడ అదే పత్నీవ్రత్యమై మగవాడి మెడకు చుట్టుకుంటుంది. తన ఊళ్లో ఆడదానికి ఏ శాస్త్రం చెప్పారో, సత్యరాజు అక్కడ అదే శాస్త్రం మగవాడి మీద అమలవుతుంటే చూసి నోరెళ్లబెడతాడు.

ఆ పుస్తకాన్ని ఆ రోజుల్లో చదివేవాళ్లలో ఎక్కువమంది మగవాళ్లే. వాళ్లకు కావలసినన్ని ఉపన్యాసాలు పంతులుగారు ఇచ్చే ఉన్నారు. వినలేదు, రాళ్లు రువ్వినవాళ్లూ ఉన్నారు. అప్పుడాయన తన జాతి మగవాళ్లనే తీసుకెళ్లి ఆడదాని పీట మీద కూర్చోబెట్టారు. అక్కడ కూర్చుంటే ఎలా ఉంటుందో చెప్పకుండా చూపించారు.

మరో పదేళ్లకు ఇదే పని ఒక ముస్లిం మహిళ చేశారు. బేగం రొకేయా సఖావత్ హుసేన్ (1880-1932) నేటి బంగ్లాదేశ్‌లోని రంగపూర్ ప్రాంతంలో పుట్టారు. ఆడపిల్లలకు ఇంగ్లీషు, బెంగాలీ తగవనుకునే ఖాందాన్ వాళ్లది. ఇంట్లో అందరూ పడుకున్నాక అన్న దగ్గర దొంగచాటుగా ఇంగ్లీషు నేర్చుకున్నారామె. ఆ ఇంగ్లీషులోనే 'సుల్తానాస్ డ్రీమ్' రాశారు. అది 1905లో అచ్చయింది మద్రాసులో. అచ్చువేసిన 'ఇండియన్ లేడీస్ మ్యాగజైన్' సంపాదకురాలు కమలా సత్తియనాథన్ మన తెలుగింటి ఆడపడుచే. ఈ సంగతి మన సాహిత్య చరిత్రల్లో కాస్త పెద్దక్షరాల్లో ఉండాల్సింది.

రొకేయా కథలో మగవాళ్లు మర్దానాలో ఉంటారు. ఆడవాళ్లు రాజ్యం నడుపుతారు, సూర్యుడి వేడిని పట్టి వాడుకుంటారు, మబ్బుల్లోంచి నీళ్లు దించుకుంటారు. జనానా గోడలు మామూలే అనుకున్నవాళ్లకు మర్దానా గోడలు మాత్రం దారుణంగా తోస్తాయి. ఆమె భర్త ఈ కథను నిలబడే చదివి, ఇది భయంకరమైన పగ తీర్చుకోవడమని అన్నాడట. కాని ఆమె జీవితంలో పగ కనపడదు. 1911లో కలకత్తాలో ముస్లిం ఆడపిల్లల కోసం బడి పెట్టి, ఇంటింటికీ తిరిగి పిల్లల్ని పోగుచేసుకున్న మనిషి ఆమె.

మూడో పుస్తకం మన కాలానిది. మేలరీ బ్లాక్‌మన్ లండన్‌లో పుట్టిన నల్లజాతి రచయిత్రి. 1993లో లండన్‌లో స్టీఫెన్ లారెన్స్ అనే నల్ల కుర్రాణ్ణి బస్టాపులో తెల్ల కుర్రాళ్లు పొడిచి చంపారు. పోలీసులు ఆ కేసును నడిపిన తీరు మీద 1999లో వచ్చిన విచారణ నివేదిక, పోలీసు వ్యవస్థలోనే జాతివివక్ష ఉందని తేల్చింది. ఆ నేపథ్యంలో బ్లాక్‌మన్ 2001లో పదమూడు, పద్నాలుగేళ్ల పిల్లల కోసం 'నాట్స్ అండ్ క్రాసెస్' నవల రాశారు. మన పిల్లలు నోటుపుస్తకాల వెనక అట్టల మీద ఆడే ఇంటూ-సున్నా ఆటకు అక్కడి పేరదే.

ఆ నవల్లో ఏలేవాళ్లు నల్లవాళ్లు. వాళ్లు ఇంటూలు. తెల్లవాళ్లు సున్నాలు. ఇంటూల మంత్రిగారి అమ్మాయి సెఫీ, సున్నాల అబ్బాయి కాలమ్ చిన్నప్పటి నుంచి స్నేహితులు. ఇంటూల బడిలో కొద్దిమంది సున్నాలను చేర్చుకుంటే గేటు దగ్గర జనం మూగి కేకలేస్తారు. 1957లో అమెరికాలో లిటిల్ రాక్ బడి గేటు దగ్గర నల్ల పిల్లల మీద అరిచిన గుంపు చప్పున గుర్తొస్తుంది. అందులో ఒక చిన్న సంగతి మమ్మల్ని పట్టుకుంది. ఒక తెల్ల పిల్ల నుదుటికి దెబ్బ తగిలి పట్టీ వేసుకుంటుంది. ఆ దేశంలో పట్టీలన్నీ ముదురు గోధుమ రంగువే! తెల్ల నుదుటి మీద అది కొట్టొచ్చినట్టు కనబడుతుంది. పట్టీ రంగు కూడా ఎవరి ఒంటిని చూసి తయారవుతుందో అని తెల్ల పిల్లలు మొదటిసారి ఆలోచించాల్సి వస్తుంది. 2020లో బిబిసి దీన్ని టీవీ సీరియల్‌గా తీసింది.

ఈ ముగ్గురూ చేసిన పనిలో ఒక పోలిక ఉంది. వీరేశలింగం తనలాంటి మగవాళ్లను బాధపడేవాడి పీట మీద కూర్చోబెట్టారు. రొకేయా తనలాంటి ఆడవాళ్ల చేతికే తాళంచెవి ఇచ్చి మగవాళ్లను లోపల పెట్టించారు. బ్లాక్‌మన్ తన నల్లజాతిని బాధపెట్టేవాడి పీట మీద కూర్చోబెట్టారు. ముగ్గురూ ముందు లేపింది తమవాళ్లనే. ఎదుటివాణ్ణి మాత్రమే దుర్మార్గుడి పీట మీద కూర్చోబెట్టి తనవాళ్లను పక్కన నిలబెట్టి హారతిపట్టే కథ వేరే జాతిది. దాన్ని మేం బాగా ఎరుగుదుం. చారిత్రక నాటకాల్లో, సినిమాల్లో గడ్డం, తలపాగా, వికటాట్టహాసం కలిపి తయారుచేసిన ఆ నవాబు మాకు పాత చుట్టమే.

ఇక్కడే మా చిక్కు. మేం పీటలు మారుద్దాం అనగానే కొందరు మిత్రులు అంటారు: "ఇంకా ఏం మార్చాలి భాయ్? మీరు ఏలారు కదా ఐదొందలేళ్లు!"

ఈ మాటకు నిజాయితీగా జవాబు చెప్పుకుందాం. రాజమండ్రి పాత మసీదులో 1324 నాటి పార్శీ శాసనం ఉంది. ఘియాసుద్దీన్ తుగ్లక్ కాలంలో సాలార్ ఉల్వీ ఆ మసీదు కట్టించాడని చెబుతుంది. అంతకుముందు అక్కడ గుడి ఉండేదని స్థానిక చరిత్రలు చెబుతాయి. మేం దాన్ని దాచం. 1570లలో రాజమండ్రి కుతుబ్‌షాహీల వశమైంది. తర్వాత మొగలాయీలు, నిజాములు. 1753లో సలాబత్ జంగ్ ఈ సర్కారులను ఫ్రెంచి బుస్సీకి రాసిచ్చాడు. 1766 నాటికి ఇంగ్లీషు కుంఫిణీకి పోయాయి. గద్దెల మీద కూర్చున్నవాళ్లు కొందరు మా మతంవాళ్లే. నిజం.

మరి అదే కాలంలో ఇదే డెల్టాలో దూది ఏకినవాడు ఎవరు? ఇత్తడి గిన్నెలకు కళాయి వేసినవాడు? గాజుల మలారం భుజాన వేసుకుని ఊళ్లు తిరిగినవాడు? తర్వాతి రోజుల్లో జట్కా తోలినవాడు, మిషను కుట్టినవాడు? ఏ సుల్తాను ఖజానాలో వాటా వచ్చింది వాళ్లకి? రెడ్డిరాజులు, గజపతులు ఏలినప్పుడు కొండెవరం కూలీ రాజయ్యాడా? కాలేదు కదా. మరి సాలార్ ఉల్వీ లెక్క మా కళాయి సాయిబు ఖాతాలో ఎందుకు రాస్తారు? రాజు మతం చూసి పేదవాడికి పీట వెయ్యడం చరిత్ర కాదు, చరిత్ర మీద కూర్చోవడం.

ఇంకో మనిషినీ తలుచుకోవాలి. పిఠాపురం ఉమర్ ఆలీషా (1885-1945). సూఫీ పీఠానికి అధిపతి, అరబ్బీ పార్శీలు చదివినవాడు, సంస్కృతం చదివినవాడు, ఉమర్ ఖయ్యాంను తెలుగు పద్యంలోకి తెచ్చినవాడు, పురాణ కథలతో నాటకాలు రాసినవాడు. కేంద్ర శాసనసభలో సభ్యుడిగా కూర్చున్నవాడు. ఇప్పటి కాకినాడ జిల్లాలో ఉంది ఆ పీఠం. ఆయన తెలుగును ఎవరి దగ్గరా అరువు తెచ్చుకోలేదు. నూరేళ్ల కింద పద్యం చెప్పిన ఆయన వారసులను పట్టుకుని "మీకు తెలుగు వచ్చే!" అని ఆశ్చర్యపోవడం ఎవరి అజ్ఞానం?

1991లో ఖాదర్ మొహియుద్దీన్ 'పుట్టుమచ్చ', 1998లో 'జల్‌జలా' కవితా సంకలనం మా గొంతు మేమే విప్పేలా చేశాయి. మహమ్మద్ ఖదీర్‌బాబు 'దర్గామిట్ట కథలు' ముస్లిం పిల్లవాడి బాల్యాన్ని తెలుగువాళ్లందరి ఇళ్లలోకి తీసుకెళ్లాయి. అవన్నీ మా పీట మీద కూర్చుని మేం చెప్పిన సాక్ష్యాలు. ఎంతో అవసరమైనవి. వాటి పక్కన, మన తొమ్మిది పది తరగతుల పిల్లల కోసం, పీటలు మార్చిన కథ ఒకటి కావాలి.

ఊహించండి. గోదావరి ఒడ్డున ఒక ఊరు. అక్కడ ఎక్కువమంది మావాళ్లు. సుబ్బారావు అనే గుమాస్తా బదిలీ మీద వస్తాడు. ఇల్లు అద్దెకడిగితే "మీరు ఏమిట్లు?" అని అడుగుతారు. పేరు చెప్పగానే "అయ్యో, నిన్ననే ఎవరికో ఇచ్చేశామండీ" అంటారు. ఎక్కడో బాంబు పేలితే అతని కొడుకు బడిలో తలొంచుకుని కూర్చోవాలి. "మీవాళ్లలో మీరు మంచోళ్లండీ" అనే పొగడ్త మింగాలి. బ్లాక్‌మన్ తన నవల్లో సున్నాలకు చిన్నక్షరం, ఇంటూలకు పెద్దక్షరం వాడారు. మన లిపిలో చిన్నా పెద్దా అక్షరాలు లేవు. అవసరమే లేదు! మన క్రియలోనే అంతా ఉంది. ఒకరు 'వచ్చారు', ఇంకొకడు 'వచ్చాడు'. కరణంగారు వస్తారు, సాయిబు వస్తాడు. ఆ కథలో సాయిబుగారు వస్తారు, సుబ్బారావు వస్తాడు. తెలుగు పిల్లవాడికి అంతకంటే వివరించక్కర్లేదు.

కాని ఆ కథ రాసేవాడు మావాళ్లను మంచి జమీందారులుగా చూపిస్తే దండగ. అధికారం చేతికొస్తే మేమూ అదే చేస్తామని ఒప్పుకునే ధైర్యం కావాలి. ఆ ధైర్యానికి ఆధారాలు మా మొహల్లాలోనే ఉన్నాయి. ఉర్దూ రాని దూదేకుల బిడ్డను సగం ముసల్మానుగా చూసేది మేం కాదా? వాళ్లతో వియ్యానికి మొహం తిప్పుకునేది మేం కాదా? చదువుకుంటానన్న ఆడపిల్లకు నేటికీ రొకేయా నాటి గోడలు చూపించేది ఎవరు?

ఈ విద్యకు హద్దులూ ఉన్నాయి. ఇంటూ-సున్నా రెండే గుర్తులు. మన సమాజం రెండు మెట్ల నిచ్చెన కాదు. తిరగేస్తే కింది మెట్టు పైకొస్తుందనడానికి లేదు, మధ్యలో ఎన్నో మెట్లు. పైగా కథ చదివి కన్నీళ్లు పెట్టుకున్నంతలో అద్దె ఇళ్లు దొరకవు, ఉద్యోగాలు రావు. కథ అద్దం వరకే. అద్దంలో కనపడ్డ మసిని తుడుచుకోవడం వేరే పని.

ఆ మధ్య మా మొహల్లా పిల్లలకు సెఫీ, కాలమ్‌ల కథ చెప్పాం. తొమ్మిదో తరగతి అమ్మాయి ఒకతె అడిగింది: "చాచా, మన ఊరి కథలో మనం మంచివాళ్లుగా ఉండకూడదా?" "నువ్వే రాసి చూడు బేటీ" అన్నాం. వారం తర్వాత లాంగ్ నోట్‌బుక్కులో రెండు పేజీలు రాసి తెచ్చింది. సుబ్బారావు ఇల్లు అడుగుతాడు. ఇంటాయన ఇవ్వనంటాడు. ఇంటాయన కూతురు తలుపు వెనక నిలబడి అంతా వింటుంది.

ఆ ఇంటాయనకు వాళ్ల అబ్బా పేరే పెట్టింది.