పొగమంచు వెనక ఎండ: కోరో చెట్ల కథ

పెయింటింగ్ వీడియోలు చూసేవాళ్ళకి ఈ సీన్ కొత్త కాదు. ఒక చెరువు, పొగమంచు, దూదిపింజల్లాంటి చెట్లు, మెత్తటి వెలుతురు. పది నిమిషాల్లో వేసేస్తారు. ఆ సీన్‌తోనే పేరు తెచ్చుకున్న కమీల్ కోరోకి మాత్రం అది కుదరడానికి పాతికేళ్ళు పైనే పట్టింది.

1796లో పారిస్‌లో పుట్టాడు. ఇంట్లోవాళ్ళకి ఆడవాళ్ళ టోపీల షాపు ఉండేది. కొడుకుని బట్టల వ్యాపారంలో పెట్టారు. 26 ఏళ్ళప్పుడు అది మానేసి, బొమ్మలేస్తానన్నాడు. ఇంజినీరింగ్ ఉద్యోగం వదిలి కెమెరా ముందు కూర్చున్నవాణ్ణి కదా, ఆ మాట ఇంట్లో చెప్పడం ఎంత కష్టమో నాకు తెలుసు! కానీ వాళ్ళు ఒప్పుకుని, ఏడాదికి 1,500 ఫ్రాంకులు ఇచ్చారు. ఈ ముక్క చాలామంది దాటేస్తారు. ఆ డబ్బే లేకపోతే మళ్ళీ బట్టలు కొలుచుకుంటూ ఉండేవాడేమో.

1825లో ఇటలీ వెళ్ళి మూడేళ్ళున్నాడు. అప్పటి బొమ్మల్లో మంచు ఎక్కడా లేదు. అంతా ఎండ, రాయి, పదునైన నీడలే. 1826లో నార్నీ దగ్గర కూలిన రోమన్ వంతెనని ఆరుబయట కూర్చుని వేశాడు. అక్కడ ఆయన చేసిన సాధన అంతా వెలుగునీడల మీదే. ముందు బాగా చీకటిగా ఉన్న చోటు పట్టుకోవాలి, అక్కణ్ణుంచి మెట్టుమెట్టుగా వెలుగులోకి రావాలి. ఆ మెట్లకి ఇరవై దాకా నంబర్లు వేసుకోవచ్చన్నాడు. రంగు సంగతి తర్వాత. మీ ఫోన్‌లో ఏదైనా ఫోటోని బ్లాక్ అండ్ వైట్ చేస్తే ఆ మెట్లే బయటపడతాయి.

ఇక 1864. 'మోర్త్‌ఫోంతేన్ జ్ఞాపకం'. స్టూడియోలో కూర్చుని, గుర్తున్నదాన్ని బట్టి వేసిన చెరువు. కుడివైపు పెద్ద చెట్టు, ఎడమవైపు సన్నటి చెట్టు, దాని దగ్గర ఒకావిడ, ఇద్దరు పిల్లలు. ఆకులు మసకమసకగా ఉంటాయి. అప్పటి ఫోటోల్లో గాలికి ఊగే ఆకులు అలాగే చెదిరిపోయి పడేవి, వాటి ప్రభావం ఉందని కొందరు చరిత్రకారుల మాట.

చక్రవర్తి మూడో నెపోలియన్ దాన్ని కొన్నాడు. డిమాండ్ పెరిగింది, దాంతోపాటే నకిలీలూ. నా లెక్కలో నకిలీలు తేలిపోయేది అక్కడే: మసక దిగుతుంది, మెట్లు దిగవు.

వంతెన, చెరువు రెండూ ఇప్పుడు లూవ్ర్ మ్యూజియంలోనే ఉన్నాయి. పక్కపక్కన స్క్రీన్ మీద పెడుతున్నా. కళ్ళు సగం మూసి చూడండి. దేంట్లో ఏ చోటు అన్నిటికన్నా చీకటిగా ఉందో కామెంట్‌లో చెప్పండి.