స్టాఫర్డ్‌షైర్ బుల్ టెరియర్ పిల్ల పెంపకము

స్టాఫర్డ్‌షైర్ బుల్ టెరియర్ అనునది ఇంగ్లండు మధ్యభాగమున, బొగ్గుగనులకును ఇనుపగొలుసుల తయారికిని పేరుపొందిన బ్లాక్ కంట్రీ ప్రాంతమున రూపొందిన శునకజాతి. ఎత్తు 14 మొదలు 16 అంగుళములు. బరువు మగదానికి 13 నుండి 17 కిలోలు, ఆడుదానికి కొంత తక్కువ. ఎద్దును గుంజకు కట్టి దానిపైకి కుక్కలను ఉసిగొల్పు క్రూరవినోదమును 1835 నాటి శాసనము నిషేధింపగా, ఆ వినోదప్రియులు చాటుమాటు కుక్కపందెములకు మరలిరి. బుల్‌డాగు దార్ఢ్యమును టెరియరు చురుకుదనమును మేళవించి వారు పుట్టించిన సంకరమే దీనికి మూలము. పందెములు చట్టవిరుద్ధములైన చిరకాలమునకు, 1935లో, బ్రిటనులోని కెన్నెల్ క్లబ్ ఈ జాతిని గుర్తించినది.

ఇవి మనుష్యుల యెడ మిక్కిలి స్నేహశీలములన్న కీర్తి ఎంత నిజమో, యౌవనము వచ్చిన పిమ్మట పరాయి కుక్కను సహింపకపోవు లక్షణము వీనిలో కొన్నిటికి రక్తగతమన్నదియు అంత నిజము. అంతయు పెంపకములోనే యున్నదని వాదించువారును, జాతిస్వభావము మారదని భయపెట్టువారును చెరి సగము సత్యమును పట్టుకొని పెనగులాడుచున్నారు. 2007లో అమెరికాలోని వర్జీనియా రాష్ట్రమున, ఫుట్‌బాల్ క్రీడాకారుడు మైకేల్ విక్‌కు చెందిన ఆవరణలో పట్టుబడిన, ఈ జాతికి దగ్గరి బంధువులైన పందెపు పిట్ బుల్ కుక్కలను ఒక్కొక్కదానినే వేరువేరుగా పరీక్షించినప్పుడు, వానిలో అత్యధికభాగము బ్రతికించి సాకదగినవేయని తేలెను. కొన్ని గృహములలో కుటుంబసభ్యులైనవి, కొన్ని శరణాలయములలోనే మిగిలిపోయినవి. కావున పెంచువాడు జాతిపేరును గాక, తన యెదుటనున్న ప్రాణిని చదువవలెను.

ఆ చదువు తల్లితో ఆరంభమగును. ఇంగ్లండులో 2020 నుండి ఆరు నెలల లోపు పిల్లలను దళారులు అమ్ముట నిషిద్ధమగుటచే, కొనువాడు పిల్లను తల్లి చెంతనే చూచుటకు వీలు కలిగినది. కొత్తవారు గదిలో అడుగిడగనే తల్లి తోక ఆడించుచు దరికి వచ్చినదా, మూలకు ఒదిగినదా యని గమనించుట, తండ్రి గెలుచుకొన్న పతకములను లెక్కించుటకంటె ఉపయుక్తము. వంశపారంపర్యముగ వచ్చు కంటి శుక్లమునకును, నాడీమండలమును దెబ్బతీయు ఎల్-2-హెచ్‌జీఏ అను జీవక్రియా దోషమునకును డీఎన్ఏ పరీక్షలు కలవు. ఎనిమిది వారములు నిండకమునుపు పిల్లను తల్లినుండి వేరుచేయరాదు.

జాన్ పాల్ స్కాట్, జాన్ ఫుల్లర్ అను శాస్త్రజ్ఞులు అమెరికాలోని బార్ హార్బర్ పరిశోధనాలయమున ఏండ్ల తరబడి జరిపిన అధ్యయనమును 1965లో గ్రంథముగ ప్రకటించి, మూడవ వారమునుండి పండ్రెండవ వారము వరకు గల కాలము కుక్కపిల్ల లోకపరిచయమునకు కీలకమని నిరూపించిరి. టీకాలు పూర్తికానిదే పిల్లను గడప దాటనీయరాదను పాతనియమము ఈ అమూల్యకాలమును వృథాచేయును. అట్లని రోగభయము లేని మాటయు కాదు. మధ్యేమార్గమేమన, పిల్లను చేతులలో ఎత్తుకొని వీధి చూపవలెను. గడ్డమువాడు, గొడుగు, చేతికఱ్ఱ, చక్రాలకుర్చీ, పసిబిడ్డ యేడ్పు, ఇవన్నియు దానికి నదురు బెదురు లేని నిత్యదృశ్యములు కావలెను. అది ముఖము త్రిప్పుకొని, పెదవులు నాకుకొనుచు, వేళగాని వేళ ఆవులించినచో బెదరినదన్నమాట. ఆ పూటకు వెనుకకు మరలుటయే ఉచితము.

ఇక కఱచుట. ఇరువదియెనిమిది పాలపండ్లు సూదులవలె నున్న ఆ వయస్సున ప్రతిపిల్లయు చేతులను కొఱుకును. కాని ఈ జాతిపిల్లకు పెద్దయిన పిదప దవడబలము మెండగుటచే, నోటి అదుపు దానికి ప్రథమపాఠము. పంటిగాటు గట్టిగ తగిలినప్పుడు కొట్టుట, మూతి బిగించిపట్టుట, వెల్లకిల పడవేసి అదిమి ‘నేను యజమానిని’ అని చాటుట మున్నగు మోటుపద్ధతులు పిల్లలో భయమునే నాటును. చేయి కదల్పక నిలిపి, ఆట ఆపి, మాటాడక లేచిపోయినచో, పండ్లు గట్టిగ తగిలిన క్షణముననే ఆట ముగియునని అది కొలది దినములలో గ్రహించును. పిమ్మట కొఱుకుటకు రబ్బరు బొమ్మ నందీయవలెను. గుఱ్ఱుమనుటను మాత్రము ఎన్నడును దండింపరాదు: అది హెచ్చరిక, హెచ్చరికను మాన్పించినవాడు హెచ్చరింపకయే కఱచు కుక్కను తయారుచేసికొనును. తినుచున్న గిన్నెను లాగికొని సహనము పరీక్షించుట కొందఱికి వేడుక. అంతకంటె, దాటిపోవుచు ఆ గిన్నెలో ఒక మాంసపుముక్క వేసినచో, మనుష్యుడు చేరువకు వచ్చుట లాభమేయని అది నేర్చుకొనును.

ఏడాదిన్నర మొదలు మూడేండ్ల నడుమ కథ మారును. నిన్నటివరకు ఉద్యానమున అన్ని కుక్కలతోను దొర్లి ఆడినది, ఒకనాడు ఎదుటి మగకుక్కను చూచి శరీరము బిగించి, రెప్పవేయక నిలుచును. ఇది పెంపకదోషమని క్రుంగనక్కఱలేదు. తాడు విడువక, దూరము పెంచి, తనవైపు చూచినప్పుడెల్ల బహుమానమిచ్చుచు నడపింపవలెను. కొన్ని కుక్కలకు బయటి స్నేహితులు ఇద్దఱు చాలును.

‘బిడ్డల దాది’ యను బిరుదు ఈ జాతికి కొందఱు తగిలించినారు. అది హానికరమైన ముఖస్తుతి. ఏ కుక్కనైనను పసివారితో ఒంటరిగ విడువరాదు, కుక్క పడకను బిడ్డలు త్రొక్కరాదు.

బ్రిటనులో 1991 నాటి ప్రమాదకర శునకచట్టము పిట్ బుల్ టెరియరును నిషేధించినది. 2023లో ఇంగ్లండు, వేల్సులలో ఎక్స్ఎల్ బుల్లీ అను కుక్కయు నిషిద్ధశునకముల జాబితాలో చేరెను. స్టాఫర్డ్‌షైర్ బుల్ టెరియర్ అందు లేదు. అయినను చట్టము వంశపత్రమును గాక శరీరాకృతిని పరికించుటచే, దీని సంకరసంతతి కొన్నియెడల అధికారుల చేత చిక్కుచున్నది. అందుచే సంకరపు పిల్లను తెచ్చుకొనువారు అది పెరిగి యే ఆకారము దాల్చునో ముందుగనే విచారించుట మేలు.