చెద పట్టని కర్ర, చెద పట్టిన పేరు

సాలూరు అంటే ఉత్తరాంధ్రలో ఎవరికైనా ముందు గుర్తొచ్చేవి లారీలు. (2022లో జిల్లాలు విడగొట్టినప్పుడు మా ఊరు విజయనగరం నుంచి పార్వతీపురం మన్యంలోకి మారింది లెండి. లారీలు మాత్రం ఎక్కడికీ పోలేదు.) లారీలున్న చోట బాడీలు కట్టేవాళ్ళుంటారు, బాడీలు కట్టేవాళ్ళున్న చోట కర్ర సంగతి తెలిసినవాళ్ళుంటారు. ఇటు కొరాపుట్ వైపు ఘాట్ రోడ్డెక్కితే అడవే. అంచేత మా వైపు తోటల్లో కాపలాకీ, పనిముట్లు పెట్టుకోడానికీ ఒక చిన్న కర్ర గది వేసుకోవడం కొత్తేమీ కాదు.

మా జీడితోటలోనూ అలాంటిదొకటుంది. నాలుగు గుంజలు, చెక్క గోడలు, పైన పెంకులు. ఈ మధ్య మా నాన్న "దాన్ని పీకించేసి స్లాబేయించేద్దాంరా, ఏటా ఈ కర్రకి సేవ చెయ్యడం నావల్ల కావట్లేదు" అన్నారు. ఆ గదిని నిలబెట్టే మార్గమేదైనా ఉందా అని వారం రోజులు కర్ర గురించే చదివాను. ఆ చదువులో, నాలుగేళ్ళ ఇంజనీరింగులో ఏ మాస్టారూ చెప్పని ఒక తెలుగాయన తగిలాడు. ఆయన గురించి చెప్పాలంటే ముందు కర్రని ఏది తింటుందో చెప్పాలి.

కర్రని వాన తినదు. తినేది బూజు జాతి శిలీంధ్రాలు, చెదలు. శిలీంధ్రానికి కావలసినవి నాలుగు: తిండి, గాలి, వెచ్చదనం, తడి. మొదటి మూడూ మనం ఆపలేం, సాలూరులో అసలే ఆపలేం. మన చేతిలో ఉన్నదల్లా నాలుగోదే. కర్రలో తేమ 20 శాతం లోపు ఉంటే కుళ్ళు మొదలవదు. మా ఊళ్ళో లారీ బాడీలు కట్టే ముసలి మేస్త్రి ఒకాయన ఇదే విషయాన్ని ఒక్క ముక్కలో తేల్చేశాడు: "వానేటి సేస్తాది బాబూ, నిలబడిపోయిన నీరు తినేస్తాది గానీ."

మరి మన పెద్దవాళ్ళు ఏం చేసేవారు? గుంజ అడుగుభాగాన్ని నిప్పుల మీద కాల్చి పాతేవారు. తారు పూసేవారు. పలాస చుట్టుపక్కల జీడిపిక్కల తొక్కలోంచి వచ్చే నూనె ఉండనే ఉంది, దాన్ని పడవలకి కూడా పూస్తారు. మా లారీల ఊళ్ళో అయితే కాలిన ఇంజనాయిలుకి కరువే లేదు, తలుపుల దగ్గర్నుంచి గుంజల దాకా అదే. ఇవన్నీ కొంతవరకూ పనిచేస్తాయి. చిక్కల్లా ఏమిటంటే ఇవన్నీ పైపూతలే. రెండు ఎండాకాలాలు గడిస్తే కర్ర బీటలిస్తుంది, ఆ బీటలోంచి లోపలికెళ్ళే నీటికి ఏ పూతా అడ్డం రాదు. ఫైర్‌వాల్ మీదే భారం వేసి లోపలి సర్వర్లన్నీ తెరిచిపెట్టుకున్నట్టన్నమాట.

ఇది మన ఒక్కళ్ళ బాధ కాదు. నార్వేలో 11వ శతాబ్దంలో గుంజలు నేలలో పాతి చర్చిలు కట్టారు. అవన్నీ మొదట్లో కుళ్ళి పోయాయి. తర్వాతి తరం వడ్రంగులు నేలలో పాతడం మానేసి, రాళ్ళు పేర్చి, వాటి మీద దూలాలు పరిచి, ఆ దూలాల మీద గుంజలు నిలబెట్టారు. పైన్ చెట్ల తారుని మళ్ళీ మళ్ళీ పూస్తూ వచ్చారు. అలా కట్టిన బోర్గుండ్ చర్చి 12వ శతాబ్దం నాటిది, ఇప్పటికీ నిలబడి ఉంది. మార్చింది కర్రని కాదు, కర్రకీ మట్టికీ మధ్య ఉన్న సంబంధాన్ని.

అయితే రైలు పట్టాల కింద స్లీపర్లని రాళ్ళ మీద పెట్టి గొడుగు పట్టలేం కదా. అందుకే 19వ శతాబ్దంలో అందరూ రసాయనాల మీద పడ్డారు. ఇంగ్లండులో 1832లో కయాన్ అనే ఆయన పాదరసం లవణంతో పేటెంటు తీసుకున్నాడు. 1838లో బర్నెట్ జింకు క్లోరైడుతో ఇంకోటి తీసుకున్నాడు. అదే ఏడాది జాన్ బెథెల్ అసలైన మలుపు తిప్పాడు. కర్రని ఇనప సిలిండర్లో పెట్టి, లోపలి గాలి తోడేసి, తర్వాత క్రియోసోటు నూనెని ఒత్తిడితో లోపలికి తోసే పద్ధతి ఆయనది. పూత అనేది పోయి, మందు కర్ర లోపలికి వెళ్ళడం అప్పుడు మొదలైంది. బొబ్బిలి నుంచి మా ఊరికి 1913లో రైలు మార్గం వేసేనాటికి ప్రపంచంలో స్లీపర్లని ఎక్కువగా కాపాడుతున్నది ఈ క్రియోసోటే.

కానీ క్రియోసోటు నల్లగా ఉంటుంది, కంపు కొడుతుంది, చేతికంటుకుంటుంది, దాని మీద రంగు నిలవదు. పట్టాలకి ఫర్వాలేదు గానీ ఇంటికి పనికిరాదు. లవణాలకి ఆ బాధ లేదు. రాగి శిలీంధ్రాన్ని చంపుతుంది, ఆర్సెనిక్ చెదల్ని చంపుతుంది, రెంటి లవణాలూ నీళ్ళలో కరుగుతాయి కాబట్టి కర్రలోకి సులువుగా వెళ్తాయి. వచ్చిన తంటా ఏమిటంటే, నీళ్ళలో కరుగుతాయి కాబట్టే మొదటి వర్షాకాలంలోనే బయటికి కొట్టుకుపోతాయి. అంటే కావలసింది ఇది: లోపలికి వెళ్ళేటప్పుడు కరగాలి, వెళ్ళాక కరగకూడదు. మన క్లయింట్లు ఇచ్చే రిక్వైర్‌మెంట్లలా లేదూ?

ఈ చిక్కుముడి విప్పినవాడు శొంఠి కామేశం. ఇంటిపేరు వింటే వేరే చెప్పక్కర్లేదు కదా. డెహ్రాడూన్‌లో 1906లో మొదలైన అటవీ పరిశోధనా సంస్థలో ఇంజనీరు. అక్కడ 'శ్మశానం' అని పిలిచే పరీక్షా స్థలాలు ఉంటాయి. రకరకాల కర్ర ముక్కల్ని సగం దాకా మట్టిలో పాతి, చెదలకీ వానకీ వదిలేసి, ఏది ఎన్నేళ్ళు బతుకుతుందో లెక్క రాస్తారు. కర్రకి సంబంధించినంతవరకూ అంతకన్నా నిజాయితీ ఉన్న టెస్టింగ్ ఎన్విరాన్‌మెంటు ఉండదు.

1933లో కామేశం గారు చేసిందేమిటంటే, రాగి, ఆర్సెనిక్ లవణాలకి మూడోదిగా డైక్రోమేటు కలిపారు. ఈ క్రోమియం పురుగుల్ని చంపడానికి కాదు. ద్రావణం కర్రలోకి వెళ్ళాక, కర్రలోని పదార్థాలతోనే చర్య జరిగి క్రోమియం రూపం మారుతుంది. ఆ మార్పులో రాగినీ ఆర్సెనిక్‌నీ తనతో పాటు కర్రకి కట్టిపడేస్తుంది. ఆ తర్వాత అవి నీటిలో సులువుగా కరగవు. తాళం తయారు చేసింది ఆయన, తాళం వేసేది మాత్రం కర్రే. దీనికి 1934లో బ్రిటిష్ పేటెంటు, 1938లో అమెరికా పేటెంటు వచ్చాయి. ఆర్సెనిక్, రాగి సంకేతాలు కలిపి ఆ మందుకి 'ఆస్క్యూ' అని పేరు పెట్టారు.

ఇక్కడ మీలో సివిల్ చదివినవాళ్ళకి ఏదో గుర్తు రావాలి. బిల్డింగ్ మెటీరియల్స్ పుస్తకంలో 'ఆస్క్యూ ట్రీట్‌మెంట్' అని ఉంటుంది చూడండి. ఆర్సెనిక్ పెంటాక్సైడు 1 వంతు, మైలుతుత్తం 3 వంతులు, పొటాషియం డైక్రోమేటు 4 వంతులు, ఈ పొడి 6 భాగాలు 100 భాగాల నీటికి. రెండు మార్కుల ప్రశ్న. నా సివిల్ రూమ్మేటు బట్టీ పట్టింది నాకింకా గుర్తుంది. ఆ పుస్తకంలో నిష్పత్తి ఉంది, నీళ్ళ కొలత ఉంది, కనిపెట్టినాయన పేరు లేదు. విదేశీ పుస్తకాల్లో పేరుంటుంది గానీ చాలాచోట్ల 'కామేశన్' అని అచ్చేస్తారు. చివరి అక్షరం మారేసరికి ఆయన మనవాడని కూడా తెలియకుండా పోయింది.

ఆ మందు మాత్రం ప్రపంచం చుట్టొచ్చింది. ముందు స్తంభాలకి, తర్వాత ఇళ్ళకి. 1970ల నుంచీ అమెరికాలో పెరటి డెక్కులు, కంచెలు, తోట షెడ్లు, పిల్లల ఆటస్థలాలు ఎక్కువగా ఈ ఆకుపచ్చ ఛాయ ఉన్న కర్రతోనే కట్టారు. న్యూజెర్సీలోనో డాలస్‌లోనో పాత ఇల్లు కొనుక్కున్న తెలుగువాడు పెరట్లో షెడ్డు తలుపు తీస్తున్నాడంటే, ఒక తెలుగాయన సూత్రం మీద చెయ్యి వేస్తున్నాడనే అవకాశం గట్టిగా ఉంది.

ఇక్కడితో ఆపేస్తే 'మనవాడి గొప్ప' కథ అయిపోతుంది. కానీ కథ అక్కడాగలేదు. కర్రలో కట్టిపడేసిన ఆర్సెనిక్ పూర్తిగా కదలకుండా ఉండదు. కొంచెం కొంచెంగా ఉపరితలానికీ, చుట్టూ మట్టిలోకీ వస్తుంది. పిల్లలు ఆ డెక్కు మీద ఆడి అదే చేత్తో బిస్కెట్టు తింటారు. 2002 ఫిబ్రవరిలో అమెరికా పర్యావరణ సంస్థ ప్రకటన ప్రకారం కంపెనీలు ఇళ్ళ వాడకానికి ఈ కర్రని మానుకున్నాయి, 2003 డిసెంబరు 31 గడువు. యూరోపులో 2004 నుంచి ఆంక్షలు వచ్చాయి. కరెంటు స్తంభాల్లాంటి వాటికి ఇంకా ఉంది. ఇది కామేశం గారి తప్పని నేననుకోను. రేవు స్తంభానికీ, స్లీపరుకీ సరిపోయే మందుని పిల్లల ఉయ్యాల దాకా తీసుకెళ్ళింది ఆయన కాదు, తర్వాతి మార్కెట్టు.

కాబట్టి మీ ఇంటి షెడ్డు 2004కి ముందుదైతే నాలుగు మాటలు. దాన్ని వెంటనే పీకెయ్యమని ఎవరూ అనలేదు, కంగారొద్దు. ఏడాదికో రెండేళ్ళకో ఒకసారి లోపలికి ఇంకే సీలర్ పూయండి, ఆర్సెనిక్ బయటికి రావడం తగ్గుతుంది. గీకడం, పొడి లేపడం చెయ్యకండి. ఆ ముక్కల్ని చలిమంటలోనో బార్బెక్యూలోనో అస్సలు కాల్చకండి, పొగలో, బూడిదలో ఆర్సెనిక్ ఉంటుంది. గోడ పక్కనే తోటకూర వెయ్యకండి.

మరి సాలూరు గదికి? ఒత్తిడి సిలిండరు మా మేస్త్రి దగ్గర ఉండదు. మన దేశంలో ఆస్క్యూ స్తంభాలకీ, కూలింగ్ టవర్లకీ వెళ్ళింది గానీ తోట పాక దాకా రాకపోవడానికి కారణం ఇదే. ఆ పొడిని ఇంట్లో కలిపి బ్రష్షుతో పూద్దామనుకుంటే ప్రాణం మీదకొస్తుంది. అందుకే మేము నార్వే వాళ్ళ దారి పట్టాం. గుంజల కుళ్ళిన అడుగు కోయించి, రాతి దిమ్మల మీద ఇనప తొడుగుల్లో నిలబెట్టించాం. తుఫానుకి ఎగిరిపోకుండా ఆ తొడుగుల్ని దిమ్మలకి బోల్టులతో బిగించాం. చూరు అడుగున్నర ముందుకి జరిపించాం. కింద గాలి ఆడేలా ఖాళీ వదిలాం. కోసిన చివరల్లోంచే కర్ర ఎక్కువ నీళ్ళు తాగుతుంది కాబట్టి అక్కడ రెండు మూడు పూతలు వేయించాం. వాన తగలని లోపలి కర్రకి మాత్రం బోరాక్స్, బోరిక్ యాసిడ్ ద్రావణం. స్లాబు ఖర్చులో మూడో వంతు కూడా కాలేదు. నాన్న ప్రస్తుతానికి ఒప్పుకున్నారు.

టేకు కొనలేనివాడి కర్రకి టేకు ఆయుష్షు ఇచ్చే ఉపాయం ఈ దేశంలో, మనవాడి చేతుల్లో పుట్టింది. దాని ఫలితమూ, దాని దోషమూ రెండూ ఎక్కువగా అనుభవించింది పరాయి పెరళ్ళు. మన పుస్తకంలో మిగిలింది 1, 3, 4 అనే మూడంకెలు. ఈసారి ఎవరైనా ఆ రెండు మార్కుల ప్రశ్న బట్టీ పడుతుంటే, పక్కన పెన్సిలుతో శొంఠి కామేశం అని రాసి పెట్టమనండి. పేర్లకి కూడా చెద పడుతుంది. దానికి మందు ఇదొక్కటే.