దసరా పప్పుబెల్లాలు, అయ్యవారి జీతం

దూరాన ఉన్న మన పూర్వ విద్యార్థులు ఊరికి వచ్చేది ఎక్కువగా సంక్రాంతికి, దసరాకి. సంక్రాంతి ఇంటి పండుగ. దసరా మాత్రం బడి పండుగ. పుస్తకాలు సరస్వతి ముందు పెట్టి, ఆ పూట చదువుకు సెలవు పుచ్చుకునే భాగ్యం మరే పండుగకీ లేదు. ఈ బడిలోనే చదువుకుని, ఇక్కడే కొన్నేళ్ళు సాంఘికశాస్త్రం చెప్పినవాడిని కనుక, స్వర్ణోత్సవ సంచికకు ఏదైనా వ్రాయమన్నప్పుడు నాకు మొదట గుర్తొచ్చింది శరదృతువులో పాతకాలపు బడి గడిపే రోజు.

మనలో డెబ్బై దాటినవారిని కదిపితే చాలు, దసరా గిలకల సంగతి చెబుతారు. సన్నని వెదురుబద్దలతో విల్లు, దానికి రంగు కాగితాల అలంకారం. బాణం వదిలితే అందులో నింపిన పూలరేకులు, బుక్కా గులాలు ఇంటివారి మీద చిమ్మేవి. పిల్లలు వరసగా ముందు, అయ్యవారు వెనక. ప్రతి ఇంటి అరుగు దగ్గరా ఆగి పద్యాలు చదివేవారు. ఇంటి యజమాని అయ్యవారికి డబ్బులో, ధాన్యమో, పంచెల చాపో ఇచ్చేవాడు. పిల్లల దోసిళ్ళలో పప్పుబెల్లాలు పడేవి. పిల్లలకు అది ఆట. అయ్యవారికి మాత్రం అది జీతాల రోజు.

ఈ మాట ఊరికే అనడం లేదు. 1822లో మద్రాసు గవర్నరు సర్ థామస్ మన్రో తన రాజధానిలో బడులు ఎన్ని ఉన్నాయో, ఎవరు చదువుతున్నారో లెక్క పంపమని కలెక్టర్లను ఆదేశించాడు. అన్ని జిల్లాల లెక్కలూ వచ్చాక 1826 మార్చిలో వ్రాసిన నివేదికలో, రాజధాని మొత్తం మీద 12,498 బడులున్నాయని చెబుతూ, ఉపాధ్యాయుడి సంపాదన నెలకు ఆరేడు రూపాయలకు మించడం అరుదని తేల్చాడు. అంత తక్కువ రాబడికి అర్హులైనవారు ఈ వృత్తిలోకి రారన్నది ఆయన అభిప్రాయం.

ఇప్పుడు మనందరికీ తెలిసిన దసరా పాట సంగతి చూడండి. అందులో పిల్లలు గురువుగారి కోసం కోరేది ఐదు వరహాలు. కుంఫిణీ లెక్కలో వరహాకు మూడున్నర రూపాయలు. ఐదు వరహాలంటే పదిహేడున్నర రూపాయలు. మన్రో చెప్పిన రాబడితో పోలిస్తే అది రెండున్నర నెలల సంపాదన! ఒక మామూలు సంసారి అంత ఇస్తాడని పాట కట్టినవారూ అనుకుని ఉండరు. కానీ ఏడాది పొడుగునా నోరు విప్పి అడగలేని మాటను ఆ ఒక్కరోజు పిల్లల చేత, పాటలో పెట్టి అడిగించారు. అందులో చమత్కారం ఉంది, అవసరమూ ఉంది.

ఆ కాలపు బడి మామూలు రోజు ఎలా గడిచేదో బళ్ళారి కలెక్టరు ఎ. డి. క్యాంప్‌బెల్ 1823 ఆగస్టులో పంపిన నివేదికలో ఉంది. ఈయన తెలుగు నేర్చి, 1816లో తెలుగు వ్యాకరణం అచ్చువేయించినవాడు. ఇప్పటి అనంతపురం ప్రాంతం అప్పట్లో బళ్ళారి జిల్లాలోనే ఉండేది. ఆయన లెక్కకు 533 బడులు వచ్చాయి. వాటిలో 226 తెలుగు బడులు. ఉదయం ఆరు గంటలకే బడి మొదలు. అందరికన్నా ముందు వచ్చిన పిల్లవాడి అరచేతిలో సరస్వతి పేరు వ్రాసేవారు. రెండోవాడికి సున్న. అంటే మెప్పూ లేదు, తప్పూ లేదు. మూడోవాడికి మెల్లగా ఒక దెబ్బ, నాలుగోవాడికి రెండు, ఆ తరువాత వచ్చినవాడికల్లా ఒక్కొక్కటి ఎక్కువ. మన ప్రార్థన గంట మోగాక గేటు దగ్గర నిలబడినవారంతా ఈ లెక్క చదివి నవ్వుకోవచ్చు.

ఇసుకలో వేలితో అక్షరాలు దిద్దడం, పెద్ద పిల్లలు చిన్న పిల్లలకు పాఠం చెప్పడం క్యాంప్‌బెల్‌కు బాగా నచ్చాయి. ఇంగ్లండులో ఈ పద్ధతిని అనుకరించడం సబబేనని వ్రాశాడు. తక్కువ ఖర్చుతో ఎక్కువమందికి చదువు చెప్పే విద్య మన వీధిబడి పంతుళ్ళకు వచ్చు.

అయితే ఆ బడిని తలుచుకుని మురిసిపోయే ముందు, అందులో లేనివారిని కూడా లెక్కపెట్టాలి. ఆ 533 బడులలో చదివేవారు మొత్తం 6,641 మంది. వారిలో ఆడపిల్లలు 60 మంది. జిల్లా జనాభాలో వెయ్యికి సుమారు ఏడుగురే బడిలో ఉన్నారు. ఇంగ్లండు నూలుబట్టలు వచ్చి ఇక్కడి నేతపనివారి బతుకు దెబ్బతిన్నదనీ, కాళ్ళూ చేతులూ ఆడగానే పిల్లలను పనిలో పెట్టుకోవలసి వస్తోందనీ, ఒకప్పుడు బడి ఉన్న పల్లెల్లో ఇప్పుడు లేదనీ ఆ కలెక్టరే వ్రాశాడు. కాబట్టి మహానవమి నాడు ఊళ్ళో అందరూ పనిముట్లకు పూజ చేస్తున్నా, పలక పూజలో పెట్టే పిల్లలు కొందరే. మిగతా పిల్లల పనిముట్టు కొడవలో, మగ్గం కండెలో. గిలక పట్టుకున్న పిల్లల వరసను అరుగు కింద నిలబడి చూసిన పిల్లలే ఎక్కువ.

సాయంత్రం వినోదాలదీ ఇదే కథ. దసరా వేషాలవారు, పగటివేషాలవారు ఇంటింటికీ తిరిగి, పెట్టింది పుచ్చుకుని వెళ్ళేవారు. రాత్రి తోలుబొమ్మలాట. ఆ ఆట ఆడే వనారస కుటుంబమే 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో కీచకవధ ఆడి రంగస్థలం మీదికి వచ్చింది. గడపల ముందు బతికిన కళ నాటక సమాజాలుగా మారింది. పంతులుగారి చదువు కూడా గడప నుంచి కదలవలసిన కాలం దగ్గర పడింది.

బయటి తిండి సంగతీ చెప్పాలి. హోటలు అన్నమాట ఊళ్ళలోకి రాకముందు చదువుకునే పిల్లవాడికి బయటి తిండి అంటే వారాలు. సోమవారం ఒకరింట, మంగళవారం ఇంకొకరింట. డబ్బిచ్చి తినాలంటే పూటకూళ్ళ ఇల్లు. భర్త పోయాక ఒంగోలులో పూటకూళ్ళ ఇల్లు నడిపి పిల్లలను చదివించుకున్నది టంగుటూరి ప్రకాశం గారి తల్లి. ఆ పిల్లవాడిని చేరదీసి, తనతో రాజమండ్రి తీసుకువెళ్ళి చదివించినది ఉపాధ్యాయుడు ఇమ్మానేని హనుమంతరావు నాయుడు గారు. 1953 అక్టోబరు 1న ఆ పూటకూళ్ళ ఇంటి బిడ్డ ఆంధ్ర రాష్ట్రానికి తొలి ముఖ్యమంత్రి అయ్యారు. ఒక తల్లి వండిన అన్నం, ఒక పంతులు పట్టుకున్న చెయ్యి ఎంత దూరం తీసుకువెళ్ళగలవో చెప్పడానికి ఇంతకన్నా ఉదాహరణ వెతకనక్కరలేదు.

పంతులుకు నికరమైన జీతం ఉండాలన్నది మన్రో నాడే అనుకున్నాడు. జిల్లా బడి ఉపాధ్యాయుడికి నెలకు 15 రూపాయలు, తహసీలు బడి ఉపాధ్యాయుడికి 9 రూపాయలు ప్రతిపాదించాడు. ఆ మరుసటి ఏడాదే పత్తికొండలో కలరాతో పోయాడు. ఆ బడులను 1836లో ఎత్తేశారు. తరువాత స్థానిక బోర్డులు, 1920 నాటి మద్రాసు ప్రాథమిక విద్యాచట్టం వచ్చాయి. నెలజీతాల పంతుళ్ళు పెరిగిన కొద్దీ గిలకల ఊరేగింపు తగ్గింది. ఆ పాట పోయిందని బాధపడేవారిని చూశాను. నాకూ ఆ బాధ ఉంది. కానీ పాఠం చెప్పినవాడు ఏటా ఒకసారి తన విద్యార్థుల గడపల ముందు చెయ్యి చాచవలసిన స్థితి పోయినందుకు సంతోషం అంతకన్నా ఎక్కువ. ఒకటో తారీఖున జీతం అందుకున్న ప్రతిసారీ నాకు ఆ అయ్యవార్లు గుర్తొచ్చేవారు.

దసరా సెలవుల్లో చందా పుస్తకం పట్టుకుని ఇల్లిల్లూ తిరిగిన మన సంఘ సభ్యులు తెలిసో తెలియకో ఆ పాత దారినే నడిచారు. తేడా ఒక్కటే. ఇప్పుడు అడిగేది పంతులు కాదు, చదువుకున్నవారు. ఫీజు కట్టలేని పిల్లల కోసం, పనిలోకి పోబోయే పిల్లను మళ్ళీ బడికి తేవడం కోసం అడుగుతున్నారు. అరుగు కింద నిలబడి చూసినవారి మనుమలు, మనుమరాళ్ళు ఇవాళ మన బడి వరసలో ఉన్నారు.

మీలో ఎవరి ఇంట అటక మీద పాత గిలక ఉన్నా, ఎవరి పెద్దలకు దసరా పద్యాలు నోటికి వచ్చినా, ఈ సెలవుల్లో బడికి తీసుకురండి. పిల్లలు వ్రాసుకుంటారు. పప్పుబెల్లాల ఖర్చు నాది.