రచయితకు పాఠకులు దొరికే దారి – నాడు, నేడు

ఉగాదినాడు మనమందరం ఒకచోట చేరి పంచాంగం వింటాము, పచ్చడి తింటాము, పిల్లల చేత పద్యాలు చెప్పించుకుంటాము. ఈ సంచికకు ఒక వ్యాసం వ్రాయమని సంఘం పెద్దలు ఆదేశించారు. నేను పండితుడను కాను. మెట్రిక్ వరకు చదివి, రైల్వేలో గుమాస్తా ఉద్యోగం చేసుకుంటున్నవాడిని. కనుక తెలిసినంతలో, చాలా కాలంగా మనసులో ఉన్న ఒక ప్రశ్నను గురించి నాలుగు మాటలు మనవి చేస్తాను.

మన పెరియంపట్టి వంటి ఊళ్ళో ఉంటూ తెలుగులో కథో, పాటో వ్రాయాలని ఉబలాటపడే యువకునికి చదివేవారు ఎక్కడ దొరుకుతారు? ఇంట్లో మాట తెలుగు. వీధిలోకి వస్తే బోర్డులు తమిళం, బడిలో చదువు తమిళం, ఆఫీసులో కాగితాలు ఇంగ్లీషు. ఈ ప్రశ్నకు నేడు ఎవరిని అడిగినా ఒకటే జవాబు చెబుతారు: "ఫోను ఉంది కదా, ఫేస్‌బుక్కులో పెట్టు, వాట్సాపులో పంపు, యూట్యూబులో చదివి వినిపించు." ఈ జవాబు ఎంతవరకు నిజమో తెలియాలంటే మన వెనుకటివారు పాఠకులను ఎట్లా సంపాదించుకున్నారో ఒకసారి చూడాలి.

మొదట ఇద్దరు మహనీయుల సంగతి తలచుకుందాము. తాళ్లపాక అన్నమాచార్యులవారు (1408–1503) వేలకొలది సంకీర్తనలు చెప్పారు. వారి వంశీయులు వాటిని రాగిరేకుల మీద చెక్కించి తిరుమల ఆలయంలో ఒక అరలో భద్రపరచారు. రాగిరేకు చెదలు తినేది కాదు, తడికి చీకేది కాదు. అయినా ఆ అర వంక చూచేవారు లేక, కొన్ని వందల సంవత్సరాలు ఆ సంపద మరుగున పడిపోయింది. 1922 ప్రాంతంలో పండితులు ఆ రేకులను పట్టించుకొని పరిష్కరించడం మొదలుపెట్టిన తరువాతనే లోకానికి తెలిసింది.

రెండవవారు మనం నివసించే ఈ తమిళదేశంలోనే, తిరువైయారులో ఉండిన త్యాగరాజస్వామివారు (1767–1847). చుట్టూ తమిళం మాట్లాడే ప్రజలు. ఆయన పాడింది తెలుగు. ఆయన రాజాశ్రయం కోరలేదు, పేరు కోసం ప్రయత్నించనూ లేదు. అయినా ఆ కీర్తనలు నిలిచాయి. కారణం శిష్యులు. వాలాజాపేట, ఉమయాళ్‌పురం, తిల్లైస్థానం అనే మూడు శిష్య పరంపరలు గురువుగారి నోట విన్నదాన్ని వ్రాసుకొని, పాడుకొని, తమ శిష్యులకు నేర్పాయి. వాలాజాపేట వెంకటరమణ భాగవతారు వంటివారు సౌరాష్ట్రులు. తెలుగు వారి ఇంటిభాష కాదు. అయినా ఆ పాటను మోసుకొని వెళ్ళారు.

వ్రాసింది భద్రపరచడం ఒక పని, దాన్ని మరొకరి నోటికి, మరొక ఊరికి అందించే మనుషులను సంపాదించుకోవడం వేరొక పని అని దీనివలన తెలుస్తున్నది. పాఠకులను సంపాదించుకోవడమంటే ఈ రెండవ పనే.

అచ్చుయంత్రం వచ్చిన తరువాత ఈ పని పత్రికలు చేశాయి. కందుకూరి వీరేశలింగం పంతులుగారు 1874లో వివేకవర్ధనిని స్థాపించారు. వారి రాజశేఖర చరిత్రము 1880లో పుస్తకంగా రాకముందే ఆ పత్రికలో భాగాలుగా వెలువడింది. ఇంగ్లండులో డికెన్సు కూడా పిక్‌విక్ పేపర్సును 1836–37లో నెలనెలా విడి భాగాలుగా అమ్మాడు. తొలి భాగం కొన్ని వందలు మాత్రమే పోగా, చివరికి అమ్మకం నెలకు 40,000 ప్రతులకు చేరిందని ప్రసిద్ధి. తరువాతి భాగం ఎప్పుడు వస్తుందా అని ఎదురుచూచే అలవాటే పాఠకుణ్ణి తయారుచేసింది. నేడు ఫోనులో కథను వారానికొక భాగంగా పెట్టే యువకులు తెలిసో తెలియకో నడుస్తున్నది ఈ పాత బాటలోనే.

వలస వచ్చిన మనకు గర్వకారణమైన విషయం మరొకటి ఉంది. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు ఆంధ్రపత్రికను 1908లో ప్రారంభించింది ఆంధ్రదేశంలో కాదు, బొంబాయిలో. అమృతాంజనం వ్యాపారం మీద అక్కడ స్థిరపడిన ఆయన, పరాయి గడ్డ మీద తెలుగువారికి తెలుగు చదువుకునే అవకాశం కల్పించారు. 1914లో అది మద్రాసుకు వచ్చి దినపత్రిక అయింది. 1924లో భారతి మాసపత్రిక పుట్టింది. ఇంతకు ముందే 1910లో గురజాడ అప్పారావుగారి 'దిద్దుబాటు' కథ ఆంధ్రభారతి అనే పత్రికలో వచ్చింది. పుస్తకం వేసే స్తోమత లేని రచయితలకు ఇటువంటి పత్రికలే తొలి మెట్టు.

ఆ పత్రికల కట్టలను ఊరూరికీ చేర్చడంలో మా రైల్వేకు కూడా కొంత వంతు ఉంది. దక్షిణదేశపు స్టేషన్లలో హిగ్గిన్‌బాథమ్స్ వారి దుకాణాలు, ఉత్తరాన వీలరు వారివి, ప్రయాణికుల చేతికి చదువును అందించాయి. బండి కోసం కూర్చున్నవాడు ఒక పత్రిక కొని, చదివి, దిగేటప్పుడు పక్కవానికి ఇచ్చి వెళ్ళేవాడు. ఒక్క ప్రతి పది చేతులు మారేది. నేటివారు 'షేరు' అని చెప్పుకునేది ఇదే కదా!

కాని ఆ పద్ధతిలో కష్టాలు లేకపోలేదు. రచన పంపాలి, తిరుగుటపాకు స్టాంపులు జతపరచాలి, నెలల తరబడి పోస్టుమాను కోసం ఎదురుచూడాలి. సంపాదకునికి నచ్చకపోతే దారి మూసుకున్నట్లే. నచ్చినా, చదివినవారు ఏమనుకున్నారో రచయితకు చేరేది తక్కువ. ఎవరో ఒక పుణ్యాత్ముడు కార్డు ముక్క వ్రాస్తే దాన్ని ట్రంకు పెట్టెలో దాచుకునేవారు.

ఈ దూరాన్ని కంప్యూటరు తగ్గించింది. 1990 దశకంలో అమెరికాలోని తెలుగువారు తెలుగు మాటలను ఇంగ్లీషు అక్షరాలతో కొట్టి ఒకరికొకరు పంపుకునేవారు. 1998లో అక్కడి నుండే 'ఈమాట' అనే పత్రిక వెలువడింది. ఇది కూడా వలస వెళ్ళినవారు పెట్టినదే. ప్రపంచ భాషల అక్షరాలన్నిటికీ ఒక్కొక్క సంఖ్యను నిర్ణయించే యూనికోడు పట్టికలో 1991లోనే తెలుగుకు చోటు దక్కింది. అది వాడుకలోకి వచ్చి, 2006లో 'లేఖిని' వంటి ఉపకరణాలు చేతికందిన తరువాత, ఒకచోట కొట్టిన తెలుగు అక్షరం మరొకచోట చెడకుండా కనిపించసాగింది.

అటు పిమ్మట ఫేస్‌బుక్కు. 2012లో కవి యాకూబ్‌గారు అందులో 'కవిసంగమం' అనే బృందాన్ని ప్రారంభించారు. కొత్తవారు అక్కడ కవిత పెట్టడం, తోటివారు చదివి వెంటనే అభిప్రాయం చెప్పడం, పేరుపొందిన కవులు సలహాలివ్వడం జరిగింది. ముఖ్యంగా గమనించవలసింది, వారు తెర మీదనే ఆగిపోలేదు. హైదరాబాదులో సభలు జరిపి, వెనుకటి తరం కవులనూ కొత్తవారినీ ఒకే వేదిక మీద కూర్చోబెట్టారు. 2014లో బెంగుళూరులో మొదలైన ప్రతిలిపి అనే సంస్థ తెలుగుతో సహా అనేక భారతీయ భాషలలో ఎవరైనా కథలు ప్రకటించుకునే వీలు కల్పించింది. అక్కడ గృహిణులు, విద్యార్థులు, చిరుద్యోగులు ధారావాహికలు వ్రాస్తున్నారు. పంజాబులో పుట్టి కెనడాలో పెరిగిన రూపీ కౌర్ అనే యువతి ఇన్‌స్టాగ్రాములో చిన్న చిన్న కవితలు పెట్టి పాఠకులను సంపాదించుకొని, 2014లో తన తొలి పుస్తకాన్ని స్వయంగా ప్రచురించుకున్నది. మరుసటి సంవత్సరమే ఒక ప్రచురణ సంస్థ దాన్ని చేపట్టింది. పాఠకులు ముందు, ప్రచురణకర్త తరువాత! పూర్వం ఇది తలకిందుల వ్యవహారమనిపించేది.

మరి ఇంత సౌకర్యంలో లోపమేమిటని అడగవచ్చు. రెండు ఉన్నాయి.

మొదటిది, ఈ వేదికలు మన సొంతం కావు. ఏది పదిమందికి చూపాలో, ఏది చూపరాదో ఆ సంస్థల లెక్కలు నిర్ణయిస్తాయి. ఎక్కువ స్పందన వచ్చినదాన్నే ఇంకా ఎక్కువమందికి చూపడం వాటి పద్ధతి. అందువలన నిదానంగా చదువవలసిన రచన వెనుకబడుతుంది. పైగా ఆ వేదిక ఎప్పుడు మూతపడుతుందో తెలియదు. ఆర్కుట్ 2014 సెప్టెంబరులో మూతబడింది. 2020 జూన్‌లో మన ప్రభుత్వం టిక్‌టాక్‌ను నిషేధించింది. యాహూ గ్రూపులు 2020 డిసెంబరులో అంతరించాయి. వాటిని నమ్ముకొని కూడగట్టుకున్న బలగం చెదిరిపోయింది. మన జిల్లాలో ఇటువంటిదే ఒకటి జరిగింది. మొరప్పూరు నుండి ధర్మపురికి 1906లో చిన్న రైలుమార్గం వేశారు. 1913లో దాన్ని హోసూరు వరకు పొడిగించారు. 1941లో మూసివేశారు. పట్టాలు పోయినా ఊళ్ళు పోలేదు, ప్రయాణికులూ పోలేదు. ఒకరి ఊరు ఒకరికి తెలిసినవారు బండి కట్టుకొనియైనా వెళ్ళి కలుసుకుంటారు. రచయిత కూడా తన పాఠకుల పేర్లు, చిరునామాలు తన దగ్గర ఉంచుకోవాలి. తన రచనకు ఒక కాగితపు ప్రతి ఇంట్లో ఉంచుకోవాలి.

రెండవ లోపం మనవంటివారికే ప్రత్యేకమైనది, మరింత బాధాకరమైనది. ఫోను ఎంతమందికైనా రచనను చేర్చగలదు గాని, అక్షరం రానివాని చేత చదివించలేదు. తమిళనాడులో 2006లో వచ్చిన చట్టం ప్రకారం ఒకటవ తరగతి మొదలుకొని ఏటికొక తరగతి చొప్పున పదవ తరగతి వరకు తమిళం తప్పనిసరి అయింది. తమిళం నేర్వడం మన విధి. మనకు అన్నం పెట్టిన నేల భాష అది. అయితే ఆ మరుగున తెలుగు అక్షరం మన పిల్లలకు దూరమవుతున్నది. నోట తెలుగు ఉన్నది, కంటికి తెలుగు లేదు. అందుచేత కొందరు తెలుగు మాటను తమిళ అక్షరాలతో వ్రాసి పంపుకుంటున్నారు. తమిళంలో క, గ లకు ఒకటే అక్షరం. "గుడి దగ్గర ఉన్నాను" అని వ్రాస్తే గుడియో, కుడియో తేలదు. పైగా తమిళం తెలిసినవానికి అది తాగుడు అని తోస్తుంది! గుడికి వెళ్ళినవాడికి ఎంతటి అపవాదో చూడండి.

ఇడైసెవల్‌లో పుట్టిన కి. రాజనారాయణన్‌గారు (మరణం 2021) ఇంట తెలుగు మాట్లాడిన కుటుంబంవారే. మనవంటి తెలుగు వలసజనుల కథను 'గోపల్ల గ్రామం' అని 1976లో తమిళంలో వ్రాశారు. దాని తరువాతి నవలకు 1991లో సాహిత్య అకాడెమీ బహుమతి వచ్చింది. అది మనందరికీ సంతోషం. కాని మన తాతల కథ మన భాషలో వ్రాసేవారికి ఈ ప్రాంతంలో పాఠకులు ఉండాలి కదా అని కూడా అనిపించక మానదు.

కనుక నా మనవి ఇది. వ్రాసేవారు ఫోనును నిస్సంకోచంగా వాడుకోవాలి. మన యాసలోనే వ్రాయాలి. చదవలేనివారి కోసం తమ గొంతుతో చదివి పంపాలి. విన్న చెవి రేపు అక్షరాన్ని అడుగుతుంది. వారానికి తానొకటి వ్రాస్తే, ఇతరులవి అయిదు చదివి రెండు మాటలు జవాబు వ్రాయాలి. చదివేవారు బొటనవ్రేలి గుర్తుతో సరిపెట్టక, ఏ వాక్యం బాగుందో, ఏది అర్థం కాలేదో చెప్పాలి. మన సంఘం వారానికొక గంట పిల్లలకు ఓనమాలు దిద్దించే ఏర్పాటు చేస్తే, వచ్చే ఉగాది సంచికలో కొందరు పిల్లలైనా తమ పేర్లను తామే చదువుకోగలరు.

త్యాగయ్యగారి పాటను వాలాజాపేట దాకా మోసినవారు మహారాజులు కారు. ఇష్టంతో విని, ఓపికతో నేర్చుకున్న సామాన్యులు. ఆ ఇష్టం, ఆ ఓపిక మనలోనూ ఉన్నాయని నా నమ్మకం. ఈ నూతన సంవత్సరం మన ఇండ్ల పిల్లలకు అక్షరాన్ని, మన రచయితలకు పాఠకులను ప్రసాదించవలెనని కోరుతూ, సోదర సోదరీమణులందరికీ ఉగాది శుభాకాంక్షలు తెలుపుకుంటూ సెలవు తీసుకుంటున్నాను.