బెంజైతెన్: సూత్రగ్రంథంతో జపాన్ చేరిన సరస్వతి

జపాన్ వాళ్లు మన సరస్వతిని కొలుస్తారన్న మాట మన పత్రికల్లోనూ, సభల్లోనూ తరచుగా వినిపిస్తుంది. అందులో నిజం ఉంది. అక్కడ బెంజైతెన్, బెంతెన్ అని పిలిచే దేవత మూలం సరస్వతే. ఈ విషయంలో పండితుల మధ్య చెప్పుకోదగ్గ వివాదం లేదు. చిక్కు ఆ తర్వాత మొదలవుతుంది. హిందూమతం జపాన్ దాకా విస్తరించిందనడానికి కొందరు దీన్ని రుజువుగా చూపుతారు. హిందూ దేవతలను బౌద్ధం తనలో కలిపేసుకుందనడానికి మరికొందరు ఇదే ఉదాహరణ ఇస్తారు. దొరికిన ఆధారాలను కాలక్రమంలో పెట్టి చూస్తే ఈ రెండు వాదాలూ నిలబడటం కష్టం.

ముందు, బయలుదేరిన నాటికి సరస్వతి ఎవరి దేవత? ఋగ్వేదంలో ఆమె నది, నదీదేవత. ఆ తర్వాతి వైదిక సాహిత్యం ఆమెను వాక్కుతో ఒకటి చేసింది. అయితే తేదీతో సహా దొరికిన సరస్వతి విగ్రహాల్లో అత్యంత పాతదిగా పేరున్నది జైనులది. మథురలోని కంకాళీ టీలా దిబ్బలో బయటపడిన ఆ విగ్రహంపై కుషాణుల కాలం నాటి శాసనం ఉంది. దాని సంవత్సరాన్ని సాధారణంగా క్రీ.శ. 132గా లెక్కిస్తారు. ఆమె చేతిలో వీణ లేదు, గ్రంథం ఉంది. ఒక మతం సొత్తును మరో మతం అరువు తెచ్చుకుందనే చిత్రం ఆ కాలానికి అతకదు. చదువుకున్నవాళ్లందరూ, ఏ మతం వారైనా, ఆమెను తమ దేవతగానే చూసుకున్నారనడం ఆధారాలకు దగ్గరగా ఉంటుంది.

ఆమె తూర్పుకు వెళ్లిన దారి సువర్ణప్రభాస సూత్రం. ఈ మహాయాన గ్రంథాన్ని 5వ శతాబ్ది తొలినాళ్లలో ధర్మక్షేముడు చైనా భాషలోకి తెచ్చాడు. అందులో సరస్వతి అధ్యాయం చాలా చిన్నది. నలందలో చదువుకుని తిరిగి వెళ్లిన ఇత్సింగ్ 703లో చేసిన అనువాదంలో అదే అధ్యాయం ఎంతో పెరిగింది. సూత్రాన్ని బోధించే భిక్షువుకు వాగ్ధాటి, జ్ఞాపకశక్తి ఇస్తానని ఆమె అందులో మాట ఇస్తుంది. ముప్పై రెండు మూలికలతో స్నానవిధి చెబుతుంది. తర్వాత కౌండిన్యుడనే బ్రాహ్మణుడు ఆమెను స్తుతిస్తాడు. ఆ స్తుతిలోని దేవతకు ఎనిమిది చేతులు. వాటిలో విల్లు, బాణం, కత్తి, బల్లెం, గొడ్డలి, వజ్రం, ఇనుప చక్రం, పాశం ఉంటాయి.

బాసరలో పిల్లలకు అక్షరాభ్యాసం చేయించే మనకు ఈ రూపం కొత్తగా ఉంటుంది. ఇది ఎక్కడిది? సరస్వతి మీద విస్తృతంగా పరిశోధించిన కాథరీన్ లుడ్విక్ ఈ స్తుతిని హరివంశంలోని ఆర్యాస్తవంతో పోల్చి చూపారు. ఆర్యాస్తవం వింధ్య కొండల్లో ఉండే యోధదేవతను ఉద్దేశించినది. లుడ్విక్ వాదన నాకు బలంగానే కనిపిస్తుంది, ఎందుకంటే అది పాఠాలను పక్కపక్కన పెట్టి చేసిన నిరూపణ. అది సరైనదైతే, జపాన్‌కు ముందుగా చేరినది వీణాపాణి కాదు. దుర్గ లక్షణాలు కలిసిన ఆయుధపాణి. సూత్రం ఆమెకు అప్పగించిన పని చూస్తే ఇందులో ఆశ్చర్యం లేదు. ఈ సూత్రాన్ని గౌరవించే రాజును, అతని రాజ్యాన్ని దేవతలు కాపాడతారన్నది ఆ గ్రంథం ఇచ్చే ప్రధానమైన హామీ.

ఆ హామీయే జపాన్ ఆస్థానాన్ని ఆకట్టుకుంది. 741లో షోము చక్రవర్తి ప్రతి రాష్ట్రంలోనూ ఒక భిక్షువుల మఠం, ఒక భిక్షుణుల మఠం కట్టాలని ఆజ్ఞాపించాడు. భిక్షువుల మఠంలో 20 మంది ఉండాలి, ఏడంతస్తుల గోపురంలో ఈ సూత్రం ప్రతిని ఉంచాలి. అదే 8వ శతాబ్దికి చెందిన ఎనిమిది చేతుల మట్టి బెంజైతెన్ విగ్రహం నారాలోని తోదైజీ హొక్కెదో మందిరంలో ఉండేది. దానికి జోడీ కిచిజోతెన్, అంటే లక్ష్మి. అయితే ఇవన్నీ రాజాజ్ఞలు, మఠాల్లోని క్రతువులు. వీటిని చూపి అప్పటి జపాన్ జనం సరస్వతి భక్తులని చెప్పలేం. ఇక్కడ మన రచనలు తరచుగా తొందరపడతాయి.

వీణ రూపం వేరే దారిలో వచ్చింది. 806లో చైనా నుంచి తిరిగి వచ్చిన భిక్షువు కూకై వెంట గర్భమండలం అనే దేవతల చిత్రపటం వచ్చింది. అందులో ఆమె రెండు చేతులతో బీవా వాయిస్తూ కనిపిస్తుంది. భారతీయ గ్రంథాల్లోని వీణ చైనాలో పీపా, జపాన్‌లో బీవా అయింది. హెయికే కథలో తాయిరా వంశపు త్సునెమసా చికుబుషిమా దీవిలో ఆమె ముందు బీవా వాయించే ఘట్టం చూస్తే, మధ్యయుగానికి ఈ రూపం మఠాల గోడలు దాటి కథల్లోకి వచ్చిందని తెలుస్తుంది.

జపాన్ ఆమెను నిజంగా తనదిగా చేసుకున్నది నీళ్ల దగ్గర. చికుబుషిమా బీవా సరస్సులోని దీవి. ఎనొషిమా, ఇత్సుకుషిమా సముద్రతీరపు దీవులు. ఎనొషిమా గురించి 1047 నాటిదిగా చెప్పే క్షేత్రచరిత్రలో, ఆమె ఐదు తలల డ్రాగన్‌ను లొంగదీసి మంచిదారికి తెస్తుంది. దాన్ని చరిత్రగా తీసుకోలేం. కానీ నీటిని, పాములను ఏలే స్థానిక శక్తి పక్కన ఆమె నిలబడిందని మాత్రం అది చెబుతోంది. అజుమా కగామి అనే చరిత్రగ్రంథం ప్రకారం 1182లో యోధనాయకుడు యోరితొమో తన శత్రువు ఫుజివారా హిదెహిరాను అణచడానికి ఎనొషిమాలో బెంజైతెన్‌ను ప్రతిష్ఠింపజేశాడు. ఆ గ్రంథాన్ని కూర్చింది శతాబ్దం తర్వాత, కాబట్టి వివరాలను యథాతథంగా నమ్మనక్కర్లేదు. అయినా ఆయుధపాణి రూపం ఇంకా యుద్ధానికి పనికొస్తోందన్న సూచన విలువైనది.

ఆ తర్వాత వచ్చింది ఉగాజిన్. ముసలివాడి తల, చుట్ట చుట్టుకున్న పాము శరీరం గల ఈ దేవుడు బెంజైతెన్ కిరీటంలో కూర్చుంటాడు. కొన్ని విగ్రహాల్లో అతని ముందు చిన్న తోరీ ద్వారం కూడా ఉంటుంది. ఈ జోడీని సమర్థించే సూత్రాలు జపాన్‌లోనే రాసినవి. వాటికి సంస్కృత మూలం లేదు. వాటిలో ఆమె చేతుల్లోని ఆయుధాల్లో కొన్నింటి స్థానంలో చింతామణి, కొట్టు తాళంచెవి చేరాయి. 14వ శతాబ్దిలో హియెయి కొండ మీది తెందాయి శాఖ భిక్షువు కోషూ కూర్చిన కెయిరాన్ షూయోషూలో ఆమె గురించి బోలెడంత సామగ్రి ఉంది. పాములతో కలపడం సామాన్యుల అమాయక నమ్మకమని, మఠాలు దాన్ని భరించాయని అనుకునేవారు ఈ గ్రంథాన్ని చూడాలి. ఆ కలయికకు శాస్త్రం రాసింది చదువుకున్న తెందాయి భిక్షువులే. జపాన్ దేవతలు బుద్ధబోధిసత్త్వుల స్థానిక రూపాలన్న హొంజి సుయిజాకు సిద్ధాంతం వారి చేతిలో ఉంది. జపాన్ స్థానిక మతమైన షింతోలోని దేవత ఇచికిషిమా హిమె, బెంజైతెన్ ఒకరేనని చెప్పడానికి అది దారి చూపింది.

ఈ అల్లికను విడదీసింది ప్రభుత్వం. 1868లో మెయిజీ ప్రభుత్వం బుద్ధులను, షింతో దేవతలను వేరు చేయాలని వరుసగా ఆజ్ఞలు జారీ చేసింది. షింతో క్షేత్రాల్లో బౌద్ధ విగ్రహాలు ఉండరాదు. అక్కడి భిక్షువులు గృహస్థులు కావాలి. కొన్నిచోట్ల విగ్రహాలు, గ్రంథాలు కాల్చేశారు. మరి బెంజైతెన్‌ను ఎటువైపు లెక్కించాలి? ఎనొషిమా షింతో క్షేత్రమైంది. అధికారిక దైవాలుగా ఇచికిషిమా హిమె కూడా ఉన్న మునకతా ముగ్గురు దేవతలు వచ్చారు. పాత బెంజైతెన్ విగ్రహాలు ఆ ఆవరణలోనే వేరే మందిరంలో ఉన్నాయి. చికుబుషిమాలో మఠం ఎదురు నిలిచింది. చివరకు దీవి హోగొంజీ మఠంగా, త్సుకుబుసుమా షింతో క్షేత్రంగా రెండు సంస్థలయింది. ప్రధాన మందిరం షింతో వైపు వెళ్లింది. మఠం తన కొత్త ప్రధాన మందిరాన్ని 1942లో కట్టుకుంది. ఆ రెంటి కట్టడాలను కలిపే పాత వసారా మాత్రం అలాగే ఉంది.

అందుకే జపాన్‌లో సరస్వతి గుళ్లు ఎన్ని అన్న ప్రశ్నకు అంకె చెప్పేవారు ముందు తమ లెక్క ఏమిటో చెప్పాలి. 1868 తర్వాత ఇచికిషిమా హిమె పేరుకు మారిన క్షేత్రాలను కలుపుతున్నారా? తల మీద పాము ఉన్న విగ్రహాలను కలుపుతున్నారా? సప్త అదృష్ట దేవతల్లో ఒకరిగా బెంతెన్ ఉన్న చోట్లను కలుపుతున్నారా? ఆ ఏడుగురిలో ఆమెతో పాటు మహాకాలుడి రూపమైన దాయికొకుతెన్, వైశ్రవణుడి రూపమైన బిషామొంతెన్ భారతీయ మూలం గలవారు. ఎబిసు జపాన్ దేవుడు. మిగిలిన ముగ్గురు చైనా నుంచి వచ్చారు. ఒక్కో చోట క్షేత్రచరిత్రను, విగ్రహాన్ని, 1868 నాటి రికార్డులను కలిపి చదివితే తప్ప ఈ ప్రశ్నలకు జవాబు రాదు. జపాన్ చరిత్రకారులు చాలా క్షేత్రాలకు ఆ పని చేశారు. తెలుగులో ఈ విషయం మీద రాసేవారు ఇకనైనా అక్కడి నుంచి మొదలుపెట్టడం అవసరం.